ఈటీఎల్, ఎంఓఏ, పీహెచ్‌ఐ: మిర్చి రైతుల చర్చల్లో ఈ మాటలు ఎవరికి అర్థమవుతున్నాయి?

ప్రశ్న
రాసినవారు: మేడికొండూరు అమ్మాయి

పెద్దలందరికీ నమస్కారం. మాది గుంటూరు జిల్లా మేడికొండూరు మండలం. నేను విజయవాడలో లెక్కలు రాసే ఉద్యోగం చేస్తున్నాను. ఊళ్లో మా నాన్నగారు మూడెకరాలలో మిర్చి వేస్తారు. చుట్టుపక్కల ఊళ్ల రైతులూ, పురుగుమందుల దుకాణాల వారూ, వ్యవసాయం చదువుకున్న కుర్రాళ్లూ కలిసి ఫోనులో ఒక చర్చా బృందం నడుపుతున్నారు. అందులో నాన్నగారితో పాటు నేనూ ఉన్నాను. కిందటి ఏడాది అక్కడ జరిగిన సంగతి ఒకటి చెప్పి, నా సందేహం అడగాలని ఇది రాస్తున్నాను.

డిసెంబరులో చేలు పూత మీద ఉండగా తామర పురుగు కనిపించింది. బృందంలో వెంటనే ఒక సలహా వచ్చింది. దానిని అక్షరం మార్చకుండా రాస్తున్నాను: “థ్రిప్స్ ఈటీఎల్ దాటితే ఐపీఎం మాడ్యూల్ ఫాలో అవ్వండి. ఎంఓఏ ఆల్టర్నేట్ చెయ్యండి. పీహెచ్‌ఐ మెయింటైన్ చెయ్యండి.” గంట తిరిగేలోగా దాని కింద ఇరవైకి పైగా బొటనవేళ్లు లేచాయి. ఇందులో ఏం చెయ్యమన్నారండీ అని ఒక్కరూ అడగలేదు. నేనూ అడగలేదు. చదువుకున్నదాన్ని, అడిగితే నలుగురిలో నామోషీ అనుకున్నాను.

మా పక్క చేను బాబాయి మర్నాడు దుకాణానికి వెళ్లి “ఈటీఎల్ ఉందా?” అని అడిగాడు. గల్లాపెట్టె దగ్గర ఉన్న కుర్రవాడు తడుముకోకుండా “అయిపోయింది, రేపు లోడు వస్తుంది” అన్నాడట. ఇది నవ్వుకోవడానికి బాగుంటుంది కానీ, మా ఇంట్లో జరిగినదానికి నవ్వు రాదు. నాన్నగారు ఆ సలహాలో “ఆల్టర్నేట్” అన్న ఒక్క మాటను పట్టుకుని, మందు మార్చి కొట్టమంటున్నారని అర్థం చేసుకున్నారు. ఆ అర్థం తప్పేమీ కాదు. మొదట ఇమిడాక్లోప్రిడ్ కొట్టి ఉన్నారు కాబట్టి, పది రోజుల తరువాత దుకాణంలో వేరే మందు ఇమ్మని అడిగి ఎసిటామిప్రిడ్ తెచ్చి కొట్టారు. డబ్బా రంగు వేరు, పేరు వేరు, కంపెనీ వేరు. ఒకటి ద్రవం, రెండోది పొడి. పురుగు తగ్గలేదు, పూత రాలింది. ఆ రెండూ ఒకే జాతి మందులని నెల తరువాత తెలిసింది. “చెప్పినట్టే చేశాను గదమ్మా” అని నాన్నగారు అన్న మాటకు నా దగ్గర జవాబు లేకపోయింది.

ఇప్పుడు మళ్లీ పూత దశ దగ్గర పడింది, బృందంలో అవే మాటలు మొదలయ్యాయి. ఈ మాటలు నిజంగా అవసరమా, లేక అలవాటుగా దొర్లిపోతున్నాయా? వద్దంటే చదువుకున్న వారు నొచ్చుకుని, శాస్త్రాన్ని శాస్త్రం మాటలతో కాక దేనితో చెబుతామంటున్నారు. అర్థం అడగడానికి రైతులు వెనకాడుతున్నారు. ఈ ముడి విప్పిన వారెవరైనా ఉంటే దయచేసి చెప్పగలరు.

జవాబు 1
రాసినవారు: విశ్రాంత విస్తరణాధికారి, బాపట్ల

అమ్మా, నీ ప్రశ్న చదివితే మొదట నవ్వు వచ్చింది, ఆ వెంటనే సిగ్గు వేసింది. రైతు సదస్సులలో ముప్పై ఏళ్ల పాటు నేను మాట్లాడిన భాష కూడా అదే. ఎదురుగా కూర్చున్న వారు తలలూపుతుంటే అర్థమైందనే అనుకునేవాణ్ని. టీ తాగడానికి లేచినప్పుడు ఏ ఒక్కరైనా పక్కకు వచ్చి “ఇంతకీ ఏం కొట్టమంటారు?” అని అడిగితే, నేను గంటసేపు చెప్పినది గాలికి పోయిందని అప్పుడు తెలిసేది.

ముందు ఆ సలహాను విప్పుతాను. ఈటీఎల్ మందు కాదు, ఒక లెక్క. చేలో పురుగు కనిపించినంత మాత్రాన మందు కొట్టనక్కరలేదు. మందుకూ కూలికీ మనం పెట్టే ఖర్చు కంటే పురుగు వల్ల జరగబోయే నష్టం ఎక్కువయ్యే స్థితి ఒకటి వస్తుంది. అది దగ్గర పడిందని చెప్పే పురుగుల సంఖ్యనే ఆ మూడు అక్షరాలతో పిలుస్తారు. ఐపీఎం అంటే మందు ఒక్కదానినే నమ్ముకోకుండా, చేను చుట్టూ రెండు మూడు వరుసలు జొన్నో మొక్కజొన్నో వెయ్యడం, జిగురు అట్టలు కట్టడం, పురుగులను తినే మిత్రపురుగులను బతకనివ్వడం, ఇవన్నీ చేసిన తరువాత అవసరమైతే మందు కొట్టడం. పీహెచ్‌ఐ అంటే ఆఖరి మందు కొట్టిన రోజు నుంచి కాయ కోసే వరకు ఆగవలసిన గడువు. ఆ గడువు మందును బట్టీ పంటను బట్టీ మారుతుంది. ఎంఓఏ అంటే మందు పురుగును చంపే తీరు. మీ నాన్నగారు కొట్టిన రెండు మందులూ నియోనికోటినాయిడ్లు అనే ఒకే కుటుంబానివి, పురుగు నరాలలో ఒకే చోట దెబ్బతీస్తాయి. మొదటి మందును తట్టుకుని బతికిన పురుగుకు రెండోది కొత్త శత్రువేమీ కాదు.

చూశావు గదా, ఆ నాలుగింటిలో పనికిరాని మాట ఒక్కటీ లేదు. ఒక్కొక్కటీ ఒక మూట. విప్పడం తెలిసినవాడు, తనకు బరువు లేదు గదా అని మూటను మూటగానే విసిరేస్తున్నాడు. తెలియనివాడు దానినే నెత్తికెత్తుకుని పక్కవాడి ముందు దించుతున్నాడు. అలా నాలుగు చేతులు మారేసరికి లోపల ఏముందో ఎవరికీ పట్టదు. మీ దుకాణం కుర్రవాడు లేని సరుకును అయిపోయిందని చెప్పినది అందుకే.

అయితే దీనికంటే నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇంకొకటి ఉంది. ఈ కొత్త మాటలు వచ్చి, మన రైతుల దగ్గర అంతకుముందే ఉన్న చక్కని మాటలను తోసేస్తున్నాయి. మిర్చి ఆకు అంచులు పైకి లేచి దోనెలా మడుచుకుంటే మన వాళ్లు పై ముడత అంటారు, అది తామర పురుగు పని. అంచులు కిందికి వంగి, ఆకు కాడ సాగి, ఆకు తిరగేసిన దోనెలా కనిపిస్తే కింద ముడత అంటారు, అది నల్లి పని. ఆకులు పాలిపోయి చిన్నవై, మొక్క గిడసబారి బొబ్బర వస్తే అది తెల్లదోమ మోసుకొచ్చిన వైరస్, దానికి మందే లేదు. పేరు చెప్పగానే కారణం తెలిసే మాటలివి. ఇప్పుడు బృందాలలో ఈ మూడింటినీ కలిపి “లీఫ్ కర్ల్ వచ్చింది, సొల్యూషన్ చెప్పండి” అని రాస్తున్నారు. తామర పురుగు మందులలో చాలా వాటికి నల్లి లొంగదు, వైరస్‌కు ఏ మందూ పనిచెయ్యదు. పెద్ద మాట వాడామనుకుంటూ మనం చేసినదల్లా మూడు తెగుళ్లను ఒకే గోతంలో వేసి మూతి కట్టడం.

2021 ఖరీఫులో మన జిల్లా మీద నల్ల తామర పురుగు పడినప్పుడు కూడా ఇదే తంతు. పురుగు శాస్త్రీయ నామాన్ని పలకడం రాని వాళ్లు కూడా దాన్ని అటూ ఇటూ పంపించారు. రైతుకు అసలు కావలసిన ముక్క మాత్రం చాలా చోట్ల కింద ఎక్కడో పడిపోయింది. పాత తామర పురుగు లేత ఆకుల మీద ఉంటుంది, ఈ కొత్తది ఎక్కువగా పూల లోపల చేరుతుంది. ఆకులు తిరగేసి చూసుకుని ఏమీ లేదని ఇంటికి పోయిన వారు పూత రాలిన తరువాత గానీ పూలు విప్పి చూడలేదు.

జవాబు 2
రాసినవారు: యార్డు గుమస్తా, గుంటూరు

చెల్లెమ్మా, నేను మిర్చి యార్డులో ఒక కమీషన్ దుకాణంలో గుమస్తాను. పెద్దాయన చెప్పినదంతా నిజమే కానీ, ఆయన మంచివారు కాబట్టి ఒక సంగతి వదిలేశారు. ఆ మాటలలో కొన్నింటిని అర్థం కాకూడదనే వాడతారు.

మా యార్డులోనూ మా మాటలు మాకున్నాయి. బస్తాను టిక్కీ అంటాం, రంగు పోయి తెల్లబారిన కాయను తాలు అంటాం, చూపించడానికి తీసిన గుప్పెడు కాయలు మచ్చు. శీతల గిడ్డంగి నుంచి వచ్చినది ఏసీ సరుకు, కళ్లం నుంచి నేరుగా వచ్చినది నాన్ ఏసీ. డీలక్స్, బెస్ట్, మీడియం అని తరగతులు చెబుతాం. రకానికి పేరుగా 334 అంటే చాలు, దాని వెనుక ముందు అక్షరాలు ఎవరూ పలకరు. ఈ మాటలు లేకపోతే తెల్లవారుజామున లారీలు దిగే వేళ మా పని సాగదు. తొలిసారి సరుకు తెచ్చిన రైతుకు ఇవి తెలియకపోయినా ఎవరికీ నష్టం లేదు, చేత్తో పట్టి చూపిస్తే అరగంటలో నేర్చుకుంటాడు.

పశువుల సంతలో తువ్వాలు కింద వేళ్లు పట్టుకుని బేరమాడే పద్ధతి మీరంతా ఎరిగినదే. అదీ ఒక భాషే కానీ, పక్కన నిలబడినవాడికి ధర తెలియకుండా ఉండేందుకు పుట్టిన భాష. చర్చా బృందాలలో కొందరు వాడే మాటలు నాకు ఆ తువ్వాలులాగే కనిపిస్తాయి. “బయో స్టిమ్యులెంట్, నానో టెక్నాలజీ, సిస్టమిక్ బూస్టర్” అని నాలుగు ముక్కలు పడేసి, కింద ధర రాసి, ఫోను నంబరు ఇస్తారు. అందులో ఏముందో, ఎకరానికి ఎంతో, ఏ పురుగుకో రాయరు. అడిగితే “టెక్నికల్ విషయం, ఫోను చెయ్యండి” అంటారు. అర్థం కాకపోవడమే అక్కడ వ్యాపారం. కాబట్టి ఆ మాట ఎత్తినవాడు అడిగితే విప్పుతాడా, తువ్వాలు ఇంకా బిగిస్తాడా అన్నది కూడా చూసుకోవాలి.

జవాబు 3
రాసినవారు: లాం దారి విద్యార్థి

నేను వ్యవసాయ పట్టభద్రుడిని, పైచదువులో ఉన్నాను. ఇక్కడ కొంచెం ఎదురు మాట్లాడుతున్నందుకు పెద్దలు మన్నించాలి. బృందాలలో అటువంటి సలహాలు రాసేవారిలో నేనూ ఒకణ్ని. మా వైపు నుంచి కూడా చూడండి. మందు డబ్బా మీద ఇమిడాక్లోప్రిడ్ 17.8 ఎస్‌ఎల్ అని ఉంటుంది. నేను దానికి తేట తెలుగులో ఒక పేరు పెట్టి రాస్తే, రైతు దుకాణానికి వెళ్లి దేనిని అడుగుతాడు? లోపల మడిచి పెట్టే కాగితంలో తెలుగు ఉన్నా, అక్షరాలు చీమ తలంత ఉంటాయి. ఎంఓఏ అన్న మాట తెలిసిన రైతు దుకాణదారును నిలదీయగలడు, తెలియని రైతు ఇచ్చినది తెచ్చుకుంటాడు. మాటను దాచిపెట్టడం వల్ల రైతు బలహీనపడతాడే తప్ప బలపడడు.

అయినా ఒక తప్పు ఒప్పుకుంటాను. వేప నూనె గురించి రాసేటప్పుడు మేమంతా 1500 పీపీఎం, 10,000 పీపీఎం అనే రాస్తాం. పది వేలంటే లీటరు నీటికి ఎక్కువ పొయ్యాలని అనుకున్న రైతు ఒకాయన నాకు తటస్థపడ్డాడు. నిజానికి అది అజాడిరక్టిన్ అనే వేప సారం ఆ నూనెలో ఎంత ఉందో చెప్పే లెక్క. 10,000 పీపీఎం అంటే ఒక్క శాతం, 1500 పీపీఎం అంటే 0.15 శాతం. సారం ఎక్కువున్న నూనెను తక్కువ పొయ్యాలి. శాతాలలో చెప్పి ఉంటే ఆయన పొరపడేవాడు కాదు. మరి మేము శాతాలలో ఎందుకు రాయలేదంటే, పుస్తకంలో అలా లేదు కాబట్టి. అంతకు మించిన కారణం నాకు తోచడం లేదు.

జవాబు 4
రాసినవారు: తెలుగు మాస్టారు, బెజవాడ సత్యనారాయణపురం

నేను రైతును కాను, పదవీ విరమణ చేసిన తెలుగు ఉపాధ్యాయుణ్ని. ఈ చర్చ ఎటు పోతుందో అని కొంచెం భయపడుతూ చదివాను. ఇటువంటి చోట ఎవరో ఒకరు లేచి, ఇంగ్లీషు మాటలన్నీ తీసేసి అచ్చ తెలుగు రాయండని తీర్పు చెబుతారు. అది మందు కాదు, తెగులు పేరు మార్చడం. ఈటీఎల్‌ను తీసేసి “ఆర్థిక నష్ట పరిమితి స్థాయి” అని రాస్తే మీ బాబాయి గారు దుకాణానికి వెళ్లి అది ఉందా అని అడిగేవారు, అంతే తేడా. “సమగ్ర సస్యరక్షణ” అన్న మాట నాలుగు దశాబ్దాలు పాఠం చెప్పిన నాకే చేనులో ఏ పని చెయ్యాలో చెప్పదు. అదే సమయంలో యూరియా, డ్రిప్పు, తైవాన్ పంపు అన్న మాటలు ఎక్కడ పుట్టినవైతేనేం, చదువురాని కూలీకి కూడా కళ్ల ముందు వస్తువు కనిపిస్తుంది. కనుక మాట పుట్టిల్లు ఏదని నేను అడగను, అది విన్నవాడి కంటికి ఏమైనా కనిపించిందా అని అడుగుతాను.

పెద్దాయన పై ముడత, కింద ముడతల గురించి రాసింది చదివి నాకు ప్రాణం లేచివచ్చింది. వృత్తుల వారి మాటలను ఊరూరా తిరిగి సేకరించే పని మన భాషలో ఏనాడో మొదలైంది. భద్రిరాజు కృష్ణమూర్తి గారి సంపాదకత్వంలో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ తెచ్చిన మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటం 1962లో వచ్చింది, అది మొత్తం వ్యవసాయ పదాలే. 1971లో వచ్చిన రెండో సంపుటం చేనేత పదాలది. అటువంటి మాటలు కూడా సాంకేతిక పదాలేనని మరిచిపోవద్దు. పట్నంవాడికి గుంటక, గొర్రు, దంతె అర్థం కావు. అయినా రైతుల మధ్య అవి చర్చను తేట చేస్తాయి, ఎందుకంటే మాట్లాడేవాడికీ వినేవాడికీ ఆ పనిముట్టు చేతికి తెలుసు.

“పదును” అన్న ఒక్క మాట చూడండి. వాన పడి, నేల మరీ తడిగానూ కాకుండా, మరీ పొడిగానూ కాకుండా, మట్టిని గుప్పిట్లో నొక్కితే ముద్దకట్టి వేలితో తాకితే విడిపోయే ఆ ఒకటి రెండు రోజుల స్థితికి మన వాళ్లు పెట్టిన పేరది. మొన్న ఒక రైతు సభలో వక్త “సాయిల్ మాయిశ్చర్ ఆప్టిమమ్‌గా ఉన్నప్పుడు విత్తుకోండి” అన్నారు. నా పక్కన కూర్చున్న పెద్దాయన తన పక్కవారితో “పదును మీద విత్తమంటున్నాడు” అని తర్జుమా చేసి చెప్పాడు. ఆ సభలో అర్థమయ్యేలా మాట్లాడిన మనిషి ఆయనే, మైకు మాత్రం ఆయన దగ్గర లేదు.

విద్యార్థి బాబు మాటలో న్యాయం ఉంది. డబ్బా మీది పేరును డబ్బా మీద ఉన్నట్టే రాయవలసిందే. కానీ ఒక సలహాలో రైతు కొత్తగా నేర్చుకోవలసిన మాట ఒకటి ఉంటే నేర్చుకుంటాడు. నాలుగు ఉంటే నాలుగూ వదిలేసి బొటనవేలు చూపిస్తాడు. నా తరగతిలో పిల్లలూ అంతే. అర్థమైన పాఠానికి ప్రశ్నలు వచ్చేవి, అర్థం కాని పాఠానికి అందరూ కలిసి “అర్థమైందండీ” అనేవారు.

మళ్లీ ప్రశ్న అడిగినవారు
మేడికొండూరు అమ్మాయి

అందరికీ కృతజ్ఞతలు. మాస్టారి ఆఖరి వాక్యం చదివి మా బృందంలోని పాత సలహాలను వెనక్కి వెళ్లి చూశాను. అక్షరాల కూటమి ఎంత పెద్దదైతే బొటనవేళ్లు అంత ఎక్కువగా ఉన్నాయి, ప్రశ్నలు అంత తక్కువగా ఉన్నాయి. ఇది నా కంటికి కనిపించిన తీరు మాత్రమే, లెక్క కట్టలేదు.

పోయిన ఆదివారం నాన్నగారిని పక్కన కూర్చోబెట్టుకుని ఆ డిసెంబరు సలహాను తిరగరాశాను. నాన్నగారు ఆగిన చోటల్లా నేను ఆగి మార్చాను. విద్యార్థి గారి మాట మన్నించి ఎంఓఏను మాత్రం ఉంచాను. చివరికి ఇలా తేలింది:

“చేనులో నాలుగు మూలలా, నడుమనా కలిపి పది మొక్కలు చూడండి. పూలను తెల్ల కాగితం మీద దులిపి, రాలిన తామర పురుగులను లెక్కపెట్టి ఆ అంకె ఇక్కడ రాయండి. మందు కావాలో వద్దో దానిని బట్టి చెబుతాం. కిందటిసారి కొట్టిన మందు డబ్బా బొమ్మ తీసి పెట్టండి. ఈసారి కొట్టేది పురుగును వేరే రకంగా చంపే మందు అయి ఉండాలి. డబ్బా రంగు మారితే చాలదు, ఎంఓఏ వేరేది కావాలని దుకాణంలో అడగండి. కాయ కోతకు ఇంకా ఎన్ని రోజులుందో ముందే చెప్పండి, దానిని బట్టి కొన్ని మందులు వాడకూడదు.”

పాత సలహా కంటే ఇది మూడింతలు ఉంది. ఇంత పొడుగు ఎవరు చదువుతారని బృందం నడిపేవారు కొంచెం విసుక్కున్నారు. పెట్టిన రోజు దీనికి మూడే బొటనవేళ్లు వచ్చాయి. కానీ సాయంత్రానికి పదకొండు ప్రశ్నలు వచ్చాయి. ఒకాయన మూడు డబ్బాల బొమ్మలు పెట్టాడు, వాటిలో రెండు ఒకే కుటుంబానివని విద్యార్థుల్లో ఒకరు చెప్పారు. ఈటీఎల్ అడిగిన మా బాబాయి పన్నెండు అని అంకె రాసి ఊరుకున్నాడు, అది పది మొక్కలకా ఒక్క పువ్వుకా అని మళ్లీ అడగవలసి వచ్చింది. కాబట్టి అక్కడ నేను రాసింది కూడా సరిగా లేదు, “ఎన్ని పూలు దులిపారో కూడా రాయండి” అని చేర్చాను.

నాన్నగారు మాత్రం అంతా విని ఒకటే అడిగారు. ఆ దులిపేది పొద్దున్నా, మిట్టమధ్యాహ్నమా అని. అది నాకు తోచనే లేదు. విస్తరణాధికారి గారు చెప్పగలరా?

జవాబు 5
రాసినవారు: విశ్రాంత విస్తరణాధికారి, బాపట్ల

ఉదయమే అమ్మా, పూలు విచ్చుకున్న తరువాత, ఎండ ముదరక ముందు. మంచు తడి ఆరే వరకు ఆగమని చెప్పు, లేకపోతే పురుగులు రేకులకే అంటుకుని ఉండిపోతాయి, కాగితం మీద రాలవు. కాగితం కింద ఒక అట్ట పెట్టుకోమను, గాలికి ఎగిరిపోతుంది. ఇంకొక మాట, నల్ల తామర పురుగు తెల్ల కాగితం మీద ఇట్టే కనిపిస్తుంది కానీ, దాని పిల్లలు లేత పసుపు రంగులో ఉంటాయి. నాన్నగారి వయసు వారు కళ్లజోడు పెట్టుకుని లెక్కపెట్టాలి. ఈ సంగతి కూడా మీ సలహాలో చేర్చు.